ఒడుమాసేలో గాజుపూసల పని నేర్చుకున్నాను – నా అనుభవం

ఘనాలో మన తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా నా మెడలో పూసలు చూసి అవే మూడు ప్రశ్నలు వేస్తారు: ఎక్కడ నేర్పుతారు, ఎన్నాళ్లు పడుతుంది, ఎంత అవుతుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కన్నా జరిగింది జరిగినట్టు రాసి పెడితే మేలనిపించింది. 2024 జనవరి నుంచి సెప్టెంబరు దాకా, మధ్యలో ఆగుతూ సాగుతూ, క్రోబో తెగవాళ్ల ఊరైన ఒడుమాసే క్రోబోలో ఒక పూసల మాస్టర్ దగ్గర పని నేర్చుకున్నాను. మేం రాజధాని అక్రా పక్కనున్న రేవు పట్టణం టెమాలో ఉంటాం. మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఇక్కడికి రాకముందు నేను తిరుపతిలో హైస్కూలు పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెప్పేదాన్ని.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఒడుమాసే చుట్టుపక్కల చాలా బట్టీల దగ్గర టూరిస్టులకు గంటసేపు పూసలు చేయిస్తారు. అచ్చులో పొడి పోయిస్తారు, కాల్చి చేతిలో పెడతారు, ఫొటో తీసుకుని వచ్చేస్తాం. బాగుంటుంది, పిల్లలతో వెళ్లేవాళ్లు తప్పకుండా చేయించండి. నేను రాసేది దాని గురించి కాదు. జనవరిలో నేనూ అలాగే వెళ్లాను. ఆ గంటలో మాస్టర్ చేతులు చేసిన పనిలో పదోవంతు కూడా నాకు అర్థం కాలేదు. నాకు మొత్తం నేర్పుతారా అని అక్కడే అడిగేశాను. ఆయన నవ్వి, "నీ తరఫున మాట్లాడే మనిషిని తీసుకుని రా" అన్నారు. డబ్బు సంగతి ఎత్తనే లేదు.

ఆ మాట మా పక్కింటి ఆంటీకి చెబితే ఆమెకు వెంటనే బోధపడింది. ఆమెది క్రోబో కుటుంబమే, అత్తారిల్లు టెమా. ఇక్కడ కుట్టుపని గానీ మెకానిక్ పని గానీ వడ్రంగం గానీ, ఏది నేర్చుకోవాలన్నా గురువు దగ్గరికి పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లాలి. ష్నాప్స్ అనే మద్యం సీసా, కూల్‌డ్రింకులు, ఫీజు ఇచ్చుకుని నలుగురి ముందు చేరాలి. కూల్‌డ్రింకులను ఇక్కడ మినరల్స్ అంటారు. ఆమె నా తరఫున ఒప్పుకున్నాక కూడా మూడు వారాలు ఆగాల్సి వచ్చింది. మాస్టర్ వాళ్ల బంధువుల్లో ఎవరో పోయారు, అంత్యక్రియలు అయ్యేదాకా కొత్త పని ఏదీ మొదలుపెట్టరు. ఇక్కడ అంత్యక్రియలు చనిపోయిన చాలా రోజులకు, అందరూ కుదిరిన శనివారం నాడు చేస్తారు. కాబట్టి ఈ దేశంలో ఏ పని పెట్టుకున్నా ఇలాంటి ఎదురుచూపు ఒకటి ఉంటుందని ముందే మనసులో పెట్టుకోండి.

ఫిబ్రవరి రెండో వారంలో చేరాను. ఆ రోజు బట్టీ ముందు చెట్టు కింద కుర్చీలు వేశారు. మాస్టర్, ఆయన అక్క, పనిచేసే కుర్రవాళ్లు, ఒక ముసలాయన కూర్చున్నారు. ఆంటీ నేనెవరో, ఎందుకు వచ్చానో క్రోబో భాషలో చాలాసేపు చెప్పింది. ముసలాయన ష్నాప్స్ చిన్న గ్లాసులో పోసుకుని, కొంచెం కొంచెంగా నేల మీద ధార విడుస్తూ గతించిన పెద్దల పేర్లు పిలిచి నా గురించి చెప్పారు. ఎక్కడో తిరుపతి నుంచి వచ్చిన నన్ను వాళ్ల పెద్దలకు పరిచయం చేస్తున్నారని తెలిసేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను తాగనని ఆంటీ ముందే చెప్పింది, ఎవరూ బలవంతం చేయలేదు. ఫీజు 1,500 సెడీలు. సీసా, మినరల్స్, ముసలాయనకు ఇచ్చింది కలిపి మరో 300 దాకా అయింది. అప్పట్లో సెడీ ఆరు రూపాయలకు అటూ ఇటూగా ఉండేది.

వారంలో రెండు మూడు రోజులు వెళ్లేదాన్ని. అషైమాన్ స్టేషన్‌లో ట్రోట్రో, అంటే షేర్ వ్యాను, ఎక్కితే క్పాంగ్ వైపు వెళ్లే రోడ్డు మీద గంటన్నర, రెండు గంటలు. ట్రోట్రో నిండితేనే కదులుతుంది. ఏడింటికల్లా వెళితే పావుగంటలో నిండుతుంది, తొమ్మిదింటికి వెళితే గంట కూర్చోవాల్సిందే. మధ్యాహ్నం భోజనానికి నాకు దొరికింది రెడ్ రెడ్. అంటే పామాయిల్లో చేసిన అలసందల కూర, దాంతో వేయించిన పండిన అరటిముక్కలు. అందులో చేప వేయకుండా ఇమ్మని చెప్పి మరీ తీసుకోవాలి. కొన్నాళ్లకు ఆ అమ్మే ఆవిడే నా కోసం విడిగా ఒక గిన్నె తీసి ఉంచేది.

మొదటి నెలంతా సీసాల తోటే సరిపోయింది. చెప్పుకోవడానికి ఏమీ లేని నెల అని అప్పుడు అనిపించింది గానీ, ఇప్పుడు ఆలోచిస్తే అసలు విద్య అంతా అక్కడే ఉంది. టెమాలో తెలిసినవాళ్ల ఇళ్లలో పోగేసిన గాజు ఒక గోతాం నిండా తీసుకెళ్లాను. బీరు సీసాలు, పచ్చడి జాడీలు, మందు సీసాలు, విరిగిన కిటికీ అద్దం, ఓవెన్లో పెట్టే గాజు గిన్నె ఒకటి. మాస్టర్ నేల మీద గోనె పరిచి గోతాం కుమ్మరించారు. ఒక్కోటి చేతిలోకి తీసుకోవడం, విరిగిన అంచును ఎండకు పట్టి చూడటం, ఒక కుప్పలోకి విసరడం. పచ్చ బీరు సీసాలు ఒక కుప్ప, గోధుమరంగువి ఒక కుప్ప. తెల్ల సీసాలు మాత్రం మూడు కుప్పలయ్యాయి. నా కంటికి మూడూ ఒకేలా ఉన్నాయి. ఓవెన్ గిన్నె ముక్కను ఆయన కుర్రవాడికి ఇచ్చి బయట పారేయించారు. అది ఆయన బట్టీలో కరగదు. వేడికి తట్టుకునేలా చేసిన గాజు కాబట్టి కరగదని నాకు చదువు వల్ల తెలుసు. ఆయనకు చేతిలోకి తీసుకోగానే తెలిసింది.

మూడు తెల్ల కుప్పల మధ్య తేడా ఏమిటని అడిగితే చెప్పలేదు. "అంచు చూడు" అన్నారు. చాలా రోజులు చూశాను. ఒక కుప్పలో విరిగిన అంచు లేత పచ్చగా ఉంటుంది, ఇంకోదాంట్లో కాస్త నీలం. మూడోదానిలో అసలు రంగే కనపడదు. అది తెలిసిన రోజు ఆయనకు చెబితే తల ఊపి, ఏ కుప్ప ఏ కుప్పతో కలవకూడదో అప్పుడు చెప్పారు. రెండు రకాల గాజు ఒకే పూసలో కలిస్తే పొసగవు.

ఎందుకు పొసగవో మాటలతో చెప్పలేదు, చేసి చూపించారు. ఒక అచ్చులో ఒక వరుస నిండా పొసగని రెండు రకాలు కలిపి పోసి, మిగతా వాటితో పాటే కాల్చారు. బట్టీలోంచి తీసినప్పుడు ఆ పూసలకు ఏ లోపమూ లేదు. నిజం చెప్పాలంటే మిగతా వాటికన్నా అందంగా ఉన్నాయి. వాటిని ఒక మూకుట్లో వేసి నా పక్కన పెట్టుకోమన్నారు. కాసేపటికి సన్నగా టిక్కుమని ఒక చప్పుడు. ఇంకాసేపటికి మరొకటి. సాయంత్రానికి సగం పూసలు నిలువునా చీరాయి. మిగిలినవి ఇంటికి తెచ్చుకుంటే రెండు రోజుల తర్వాత కూడా ఒకటి పగిలింది. చల్లారేటప్పుడు ఒక గాజు ఎక్కువ ముడుచుకుంటుంది, రెండోది తక్కువ. ఆ లాగుడుకి పూస చీలుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు వ్యాకోచం గురించి ఎన్నేళ్లు చెప్పానో, ఆ టిక్కుమనే చప్పుడు విన్నప్పుడు గానీ నా వేళ్లకు అది తెలిసిరాలేదు. టూరిస్టుల పుస్తకాల్లో ఈ పూసల గురించి "పాత సీసాలతో చేస్తారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఏ సీసా ఏ సీసాతో పొసగుతుందో తెలిసిన మనిషి ఎంత చదువుకున్నవాడో ఆ వాక్యంలో కనపడదు.

తర్వాత దంచడం. ఇనప రోలు, ఇనప రోకలి. సీసాలను కడిగి, పైన కాగితం పోయేలా నానబెట్టి, ఆరబెట్టి, ముక్కలు చేసి దంచాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం చాలదు. దుమ్ము అడ్డుకునే మాస్కు, కళ్లద్దాలు టెమాలోనే కొనుక్కుని వెళ్లండి. అప్పటికి ఇంకా హర్మటాన్ గాలి పూర్తిగా పోలేదు. సహారా వైపు నుంచి వచ్చే ఆ పొడిగాలికి పెదాలు పగిలిపోతాయి, దానికి తోడు గాజుదుమ్ము. మోచేతుల లోపలి వైపు దురద, రాత్రి నిద్రపట్టేది కాదు. స్నానానికి ముందు చేతులు రుద్దకుండా చన్నీళ్లు పోసుకోవాలని మాస్టర్ అక్క చెప్పింది. రుద్దితే గాజు చర్మంలోకి దిగుతుంది. ఈ ఒక్క మాట మొదటి రోజే తెలిసుంటే వారం రోజుల బాధ తప్పేది.

దంచిన పొడిని జల్లించాలి. ముతక జల్లెడ తర్వాత సన్న జల్లెడ, ఆఖరున వస్త్రగాళితం. పొడి విబూదిలా చేతికి అంటుకోవాలి. గరుకు మిగిలితే పూస మీద బుడిపెలు వస్తాయి. ఒక పొద్దంతా దంచితే ఎంత పొడి వస్తుందో చూస్తే మొదట్లో ఏడుపొచ్చేది. భుజాలు పట్టేసేవి. పక్కన పదిహేడేళ్ల కుర్రవాడు మాటలు చెబుతూ, రేడియోలో ఫుట్‌బాల్ కామెంటరీ వింటూ నాకన్నా మూడు రెట్లు దంచేవాడు. అతని రోకలి చప్పుడు మారేది కాదు. రోకలిని ఎత్తి వదిలేస్తున్నాడు, దించడానికి బలం పెట్టడం లేదు. అది గమనించాక నాకూ భుజాల నొప్పి తగ్గింది.

మార్చి నెలాఖరులో నా పని ఆగిపోయింది. డిపో దగ్గరపడింది. క్రోబో ఆడపిల్లలు పెద్దవాళ్లయ్యారని చేసే వేడుక అది, ఈస్టర్ ప్రాంతంలో మొదలవుతుంది. పిల్లల మెడలో, నడుముకు, చేతులకు, కాళ్లకు పూసలే పూసలు. వాటిలో చాలావరకు కొత్తవి కావు, ఇంటి పెట్టెల్లోంచి తీసినవి. లేనివాళ్లు బంధువుల దగ్గర అడిగి తెచ్చుకుంటారు. తెగిన దండలు గుచ్చించుకోవడానికి, తగ్గిన పూసలు జతచేయించుకోవడానికి ఆడవాళ్లు పొద్దున్నే బట్టీ దగ్గర కూర్చునేవాళ్లు. నాకు నేర్పే తీరిక ఎవరికీ లేదు. ముందు నిరుత్సాహపడ్డాను. తర్వాత మాస్టర్ అక్క పక్కన కూర్చుని దారాలు అందిస్తూ ఉండిపోయాను. ఆ రోజుల్లో చూసిన పాత పూసలు మామూలుగా ఎవరూ చూపించరు. ఒక ఆవిడ నీలంరంగు కోలీ పూస ఒకటి రుమాలు కొసలో ముడివేసుకుని తెచ్చింది. గుచ్చేంత సేపూ ఆవిడ కళ్లు దాని మీదే ఉన్నాయి, అయిపోగానే మళ్లీ ముడివేసుకుని లేచింది. ధర అడిగే ధైర్యం నాకు లేకపోయింది. అక్క తర్వాత చెప్పింది, అలాంటివి అమ్మరని.

ఏప్రిల్ చివరికి మళ్లీ మొదలుపెట్టేసరికి వానలు వచ్చాయి. వానాకాలంలో ఈ పని నేర్చుకోవద్దని గట్టిగా చెబుతాను. అచ్చులు బంకమట్టితో చేస్తారు. గుండ్రటి బిళ్లలా మట్టిని ఒత్తి, కర్రపుల్లతో వరుసగా గుంటలు పెట్టి, ప్రతి గుంట అడుగున నడిమధ్యలో ఇంకో చిన్న గుంట నొక్కాలి. ఆ చిన్న గుంట ఎందుకో కాసేపట్లో చెబుతాను. అచ్చు నీడలో నిదానంగా ఆరి, ఆ తర్వాత కాలాలి. జనవరిలో నాలుగైదు రోజుల్లో ఆరేది మే నెలలో రెండు వారాలు పట్టింది. తడి మిగిలిన అచ్చు బట్టీలో పేలుతుంది, దాంతో పాటు పక్క అచ్చులూ పోతాయి. అందుకని ఆయన తొందరపడరు. నేను రెండు గంటలు ప్రయాణం చేసి వెళితే అచ్చును చెంపకు ఆనించి చూసి, "ఇంకా చల్లగా ఉంది, వచ్చే వారం రా" అని పంపేసేవారు. జూన్‌లో ఒకసారి నిజంగానే మానేద్దామనుకున్నాను. మా ఆయన, "డబ్బు కోసం వెళ్తున్నావా, పని కోసం వెళ్తున్నావా?" అన్నారు. ఆ మాటతో మళ్లీ బస్టాండుకు బయల్దేరాను.

అచ్చు సిద్ధమయ్యాక గుంటలన్నిటికీ తెల్ల సుద్దమట్టి నీళ్లు పూస్తారు. లేకపోతే గాజు అచ్చుకు అతుక్కుపోతుంది. అప్పుడు చిల్లు కోసం కర్రపెండలం ఆకుల కాడలు. కాడను చిన్న చిన్న ముక్కలుగా తుంచి, ఒక్కో ముక్కను అడుగున ఉన్న ఆ చిన్న గుంటలో నిటారుగా నిలబెట్టి, చుట్టూ గాజుపొడి పోయాలి. బట్టీలో గాజు మెత్తబడి ఒకదానికొకటి పట్టుకునేదాకా కాడ నిలబడి, ఆ తర్వాత బూడిదైపోతుంది. దాని చోట చిల్లు మిగులుతుంది. ముదురు కాడ లావు, లేత కాడ వంగిపోతుంది. అందుకని దొడ్లో ఉన్న పెండలం మొక్కల్లో ఏ కొమ్మ నుంచి కొయ్యాలో కూడా ఒక లెక్క ఉంది. చారల పూసలు కావాలంటే మడిచిన అట్టముక్కతో ఒక రంగు, దాని మీద ఇంకో రంగు, పొరలు పొరలుగా పోస్తారు. చెయ్యి వణికితే పొర వంకర.

మా అమ్మ పుట్టిల్లు ఏర్పేడు దగ్గర. అక్కడి పాపానాయుడుపేట ఒకప్పుడు గాజుపూసలకు పేరు పడ్డ ఊరు. అక్కడి పద్ధతి వేరు: కరిగిన గాజు ముద్దకు నడుమ బోలు చేసి, దాన్ని సన్నటి పొడుగాటి గొట్టంగా లాగుతారు. ఆ గొట్టాన్ని తరిగితే పూసలు, చిల్లు ముందే ఉంటుంది. ఇది మాస్టర్‌కి కాగితం మీద బొమ్మ గీసి చెప్పాను. ఆ రోజంతా ఆయన నన్ను వదల్లేదు. గొట్టం లాగేటప్పుడు చిల్లు ఎందుకు మూసుకుపోదు? బట్టీ ఎంత పెద్దది? ఏ కట్టె వాడతారు? సగం ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పుడు సెలవులకు ఆ ఊరి మీదుగానే వెళ్లేవాళ్లం. ఎవరినైనా అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు చాలా అనిపిస్తోంది.

జూన్ నెలాఖరులో మొదటిసారి నా అచ్చు బట్టీలోకి వెళ్లింది. బట్టీ పుట్టమన్నుతో కట్టింది, చెదపురుగుల పుట్టలు తవ్వి తెచ్చిన మన్ను. మామూలు మట్టి అంత వేడికి బీటలు వారుతుందట, ఇది వారదట. కింద కట్టెలు, ఆయిల్ పామ్ గింజల పెంకులు మండిస్తారు. ఆ పెంకులు ఎక్కువసేపు ఒకే తీరుగా మండుతాయి. బారెడు కాడ ఉన్న ఇనప తెడ్డు మీద అచ్చు పెట్టి లోపలికి తోస్తారు. పొడి పూసలకు సుమారు ముప్పావు గంట. కానీ ఆ ముప్పావు గంట నేను గడియారం చూసి రాసుకున్నది, ఆయన గడియారం పెట్టుకోరు.

లోపల వేడి ఎంత ఉంటుందని అడిగాను. నంబరు చెప్పలేదు, నన్ను బట్టీ నోటి దగ్గర పక్కకు నిలబెట్టి చూడమన్నారు. ముందు అచ్చు నల్లగా ఉంది. తర్వాత ముదురు ఎరుపు. పొడి పైభాగం ఇంకా గరుకుగానే కనపడుతోంది. కాసేపటికి ఎరుపు తేలికై నారింజకు తిరిగింది, గుంటల్లో పొడి కుంగి మధ్యలో పల్లం పడింది, దాని అంచు తడిసినట్టు మెరిసింది. "ఇప్పుడు" అన్నారు. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే పూస ఆకారం పోయి ముద్దవుతుంది. ముందు తీస్తే ఇసుక ఉండలా నలుగుతుంది. మబ్బు రోజున బట్టీ నోరు ఎక్కువ వెలుగ్గా కనపడుతుంది కాబట్టి ఆ రోజు కంటిని నమ్మకూడదని, అచ్చును తెడ్డుతో మెల్లగా కదిపి చూడాలని కూడా ఆ వానాకాలంలోనే తెలిసింది. ఎండాకాలంలో నేర్చుకునేవాళ్లకు ఈ మాట ఎవరూ చెప్పరేమో. అన్ని వారాలు వానను తిట్టుకున్నందుకు దక్కిన లాభం అది.

అన్నిటికన్నా కష్టం ఆ తర్వాతి నిమిషం. అచ్చు బయటికి రాగానే, ఎర్రగా ఉండగానే, రెండు మొనదేలిన ఇనపపుల్లలతో ఒక్కో పూసను తిప్పాలి. ఎడమ చేతి పుల్ల పూసను అదుముతుంది, కుడి చేతి పుల్ల చిల్లులోకి దిగి గిర్రున తిప్పుతుంది. చిల్లు నున్నబడుతుంది, పూస గుండ్రమవుతుంది. మాస్టర్ ఒక అచ్చులో పూసలన్నీ తిప్పేసేవారు. నేను నాలుగు తిప్పేసరికి మిగతావి బిగుసుకుపోయేవి. ముఖం మీద సెగ, చెమట కళ్లలోకి, చెయ్యి తుడుచుకునే తీరిక ఉండదు. నా మణికట్టును ఆయన వెనక నుంచి పట్టుకుని తిప్పారు. అప్పుడు తెలిసింది, తిరిగేది మణికట్టు కాదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పుల్ల దొర్లుతుంది. జూలై అంతా ఇంట్లో మా అబ్బాయి పెన్సిలుతో అదే సాధన చేశాను. ఆగస్టు మొదట్లో ఒక అచ్చు పూర్తిగా తిప్పగలిగాను. ఆ రోజు కుర్రవాళ్లు చప్పట్లు కొట్టారు. మాస్టర్ ఏమీ అనలేదు, ఇంకో అచ్చు తీసి ముందు పెట్టారు. అంతకన్నా పెద్ద మెప్పు నాకు అక్కర్లేదనిపించింది.

చల్లార్చడానికి అచ్చులను గాలి తగలని మూలన పెడతారు. తొందరపడి ముట్టుకోకూడదు. ఆ తర్వాత పని ఆడవాళ్లది: వెడల్పాటి రాతి మీద ఇసుక, నీళ్లు వేసి పూసలను అరచేతుల కింద రుద్దడం. గంటలు గంటలు. మొదటి రోజే నా అరచేతి చర్మం లేచిపోయింది. మాస్టర్ అక్క చెయ్యి పట్టుకుని చూశాను, గీతలు అరిగిపోయి నున్నగా ఉంది. కొలిమి దగ్గర మగవాళ్లు చేసే పనిని అందరూ నిలబడి చూస్తారు, ఫొటోలు తీస్తారు. రాతి దగ్గర ఎవరూ ఆగరు. పూసకు మెరుపు వచ్చేది మాత్రం అక్కడే. కడిగి, రాఫియా నారకు గుచ్చి, కాస్త నూనె రాస్తే అప్పుడు రంగు బయటపడుతుంది. బొమ్మల పూసలు, అంటే కాలిన పూస మీద గాజుపొడి రంగుతో గీతలు గీసి మళ్లీ కాల్చేవి, కొంచెమే నేర్చుకున్నాను. వాటి గురించి రాసేంత పని నాకు రాదు.

సెప్టెంబరులో నా పూసలు తీసుకుని అక్కతో అగోమాన్యా సంతకు వెళ్లాను. బుధ, శనివారాల్లో జరుగుతుంది. గురువారమైతే కొఫొరిడువాలో పూసల సంత. అమ్మకం సంగతి అక్క చూసుకుంది. నేను ఊహించుకున్న ధరలో సగమే వచ్చింది: దండకు 30 నుంచి 40 సెడీలు. పక్కనే బయటినుంచి దిగుమతి అయిన పూసలు రాసులు పోసి ఇంకా చవగ్గా అమ్ముతున్నారు. ఒకామె నన్ను చూసి, "ఇవి మీ ఇండియావే" అని ఒక రాశి చూపించింది. ఏం చెప్పాలో తెలియలేదు. అక్క ఆ రాశిలోంచి ఒకటి, నా దండలోంచి ఒకటి తీసి నా అరచేతిలో పెట్టి, కళ్లు మూసుకుని చిల్లు అంచు తడమమంది. తేడా తెలిసింది. కర్రపెండలం కాడ వదిలిన చిల్లుకు ఒక వైపు అంచు కాస్త విచ్చుకుని ఉంటుంది. కొనేవాళ్లలో ముసలివాళ్లు ఇప్పటికీ అలాగే తడిమి చూస్తున్నారు. కుర్రకారు మాత్రం రంగు చూసి తీసుకుంటున్నారు. మాస్టర్ కొడుకు ఈ పనిలోకి రాలేదు, అక్రాలో ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. ఆయన దాని గురించి ఎక్కువ మాట్లాడరు.

మొత్తం మీద ఫీజు, ప్రయాణాలు, భోజనం, పెంకుల్లో నా వంతు, మాస్కులు, జల్లెడలు కలిపి దాదాపు 5,000 సెడీలు ఖర్చయింది. ఛార్జీలే అందులో సగం. ఒడుమాసేలో గది తీసుకుని ఉండగలిగితే చవకా, త్వరా రెండూనూ. డిసెంబరులో చేరితే అచ్చులు తొందరగా ఆరతాయి. డిపో ముందు వారాలు ఎలాగూ వదులుకోవాలి, కానీ ఆ వారాల్లోనూ వెళ్లి కూర్చోండి. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లడానికి నాకు ఏ ఇబ్బందీ ఎదురు కాలేదు. తోడుగా మాట్లాడే పెద్దమనిషి లేకుండా మాత్రం వెళ్లకండి. ఫీజు ఎంత ఇస్తానన్నా గంట పనే నేర్పి పంపిస్తారు.

నేను తిప్పిన పూసల్లో సన్నటివి ఏరి, పక్కింటి ఆంటీ మనవరాలికి నడుము దండ గుచ్చాం. ఇక్కడ పసిపిల్లలకు నడుముకు పూసలు కడతారు, బిగుతైతే బిడ్డ ఒళ్లు చేస్తోందని లెక్క. ఈపాటికి రెండుసార్లు దారం మార్చింది ఆంటీ. మళ్లీ పొడిగాలి మొదలయ్యాక రమ్మన్నారు మాస్టర్, ఈసారి బోదోం పూస చూద్దామని. అది పెద్దది, లోపల నల్లటి గర్భం, పైన పసుపు, రెండు గాజులు ఒకే పూసలో. ఏ నలుపు ఏ పసుపుతో పొసగుతుందో నేనే వెతికి తేవాలట. సీసాలు పోగేయడం మొదలుపెట్టాను. టెమాలో ఉన్నవాళ్ల ఇళ్లలో ముదురు రంగు సీసాలు ఉంటే పారేయకుండా నాకు చెప్పండి.